పదిహేనో రోజు సీసా: మళ్లీ తాగుడును ఆపే ఔషధాల పరీక్ష, ప్రాజెక్టు డైరీ

ముందు ప్రశ్న

తాగుడు తగ్గించడం ఒకటి, మానేసినవాడు మళ్లీ పట్టుకోకుండా చూడడం ఇంకొకటి. రెండూ ఒకే పరీక్షలో తేలవు. రోజూ తాగే ఎలుకకు ఔషధం ఇస్తే ఆ రోజు తక్కువ తాగింది అనుకుందాం. దానికి వికారం వచ్చి ఉండొచ్చు, మత్తుగా పడుకుని ఉండొచ్చు, అసలు దాహమే తగ్గి ఉండొచ్చు. కొన్ని వారాలు తాగి, రెండు వారాలు ఆపేసి, సీసా తిరిగి కనిపించిన రోజున అది ఏం చేస్తుందన్నదే మనకు కావలసిన ప్రశ్న.

దీనికి పాత, నమ్మకమైన పద్ధతి ఒకటుంది. ఎడబాటు తర్వాత, అంటే కొంతకాలం ఆల్కహాల్ అందకుండా ఆపాక, ఎలుక మునుపటికంటే ఎక్కువ తాగుతుందని సింక్లెయిర్, సెంటర్ అనే ఇద్దరు పరిశోధకులు 1967లో చూపించారు. ఈ పెరుగుదల రెండు మూడు రోజులే ఉంటుంది, తర్వాత పాత స్థాయికి దిగిపోతుంది. మన పరీక్షకు దొరికే సమయం ఆ రెండు మూడు రోజులే. పన్నెండు వారాల పని మొత్తం అక్కడికి చేరడానికే.

ఈ విడతలో కొత్త అణువేదీ లేదు. మనుషుల్లో ఇప్పటికే వాడుతున్న రెండు ఔషధాలను, నాల్ట్రెక్సోన్‌ను, అకాంప్రొసేట్‌ను పెడుతున్నాం. అమెరికాలో తాగుడు చికిత్సకు మొదటిదానికి 1994లో, రెండోదానికి 2004లో అనుమతి వచ్చింది. తెలిసిన ఔషధాన్ని పట్టుకోలేని మోడల్ (ఎలుకల మీద పరీక్షించే పద్ధతి) తెలియని దాన్ని పట్టుకుంటుందని నమ్మడానికి లేదు. మూడు గుంపులు: సెలైన్ (పోల్చి చూడడానికి ఉత్త ఉప్పునీళ్లు), నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్. గుంపుకు 10 ఎలుకలు, అందులో 5 మగ, 5 ఆడ. రక్తంలో ఆల్కహాల్ కొలవడానికి మరో 6. మొత్తం 36 విస్టార్ రకం ప్రయోగశాల ఎలుకలు.

రిజిస్టరులో మొదటి నియమం

మన దగ్గర "మందు" అంటే రెండర్థాలు. యానిమల్ హౌస్‌లో రాత్రి డ్యూటీ అన్న "12వ బోనుకు మందు పెట్టిన" అని రాస్తే అది సీసానా, సూదా? మొదటి రోజే తేల్చుకున్నాం: తాగేది "ఆల్కహాల్", ఎక్కించేది "ఔషధం". "మందు" అన్న మాట రిజిస్టరులో ఎక్కడా ఉండదు. ఇది భాష కోసం పెట్టిన పట్టింపు కాదు. ఒక్క పొరపాటు ఎంట్రీ పన్నెండు వారాల పనిని సందేహంలో పడేస్తుంది.

అనుమతులు

1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద ఏర్పడిన సీసీఎస్‌ఈఏ (జంతువుల మీద ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ) నియమాల ప్రకారం, సంస్థాగత జంతు నైతిక కమిటీ ఫారం బి (ప్రయోగానికి పెట్టే దరఖాస్తు) చూసి ఒప్పుకోనిదే ఒక్క ఎలుక కూడా గదిలోకి రాదు. సంఖ్య ఎందుకు 36, 24 ఎందుకు కాదు అన్నదానికి అందులో లెక్క చూపాలి. ఎక్కడ ఆపేస్తామో కూడా రాసిచ్చాం: ఒళ్లు 20 శాతం తగ్గినా, ఫిట్స్ వచ్చినా, నడక తప్పి లేవలేకపోయినా ఆ ఎలుక పరీక్ష అక్కడితో ముగుస్తుంది, పశువైద్యుడి చేతికి వెళ్తుంది.

రెండో అనుమతి ఎక్సైజ్‌ది. లేబొరేటరీకి కొన్న స్పిరిట్‌లో ప్రతి మిల్లీలీటరూ ఎవరు తీశారో, దేనికి తీశారో రాసే పుస్తకం విడిగా ఉండాలి. డీనేచర్డ్ స్పిరిట్ తక్కువ ధరకు, తేలిగ్గా దొరుకుతుంది కానీ అందులో మిథనాలో, చేదు పదార్థమో కలిపి ఉంటుంది. దాని జోలికి పోవద్దు. అబ్సల్యూట్ ఆల్కహాల్ కొంటే నీటిని తీసేయడానికి బెంజీన్ వాడారేమో సర్టిఫికెట్‌లో చూసుకోవాలి. అనుమానం ఉంటే 95 శాతం రెక్టిఫైడ్ స్పిరిట్ మేలు.

వారం −2: బోన్లు, సీసాలు

ఒక్కో బోనుకు నాలుగు సీసాలు: నీళ్లు, 5, 10, 20 శాతం ఆల్కహాల్. మార్కెట్లో దొరికే బోను మూతలకు ఒకటో రెండో రంధ్రాలుంటాయి. నాలుగు రంధ్రాల స్టీల్ మూతలను హైదరాబాద్ బాలానగర్‌లో ఒక షీట్‌మెటల్ షాపులో చేయించాం. ఎలుక నాకి తాగే గొట్టాలు (చివర చిన్న గోళీ ఉంటుంది) సీసా మూతికి నిలువుగా కాకుండా కొంచెం ఏటవాలుగా దిగేలా చేయించడం ముఖ్యం. రంధ్రం అంచును ఆకురాయితో నున్నగా రుద్దించాలి, లేకపోతే ఎలుక మూతి గీసుకుపోతుంది.

మూడు ర్యాకులు, ర్యాకుకు 12 బోన్లు, వాటితో పాటు ర్యాకుకు ఒక ఖాళీ బోను. ఆ ఖాళీ బోనులో ఎలుక ఉండదు, నాలుగు సీసాలు మాత్రం ఉంటాయి. దాని సంగతి కింద వస్తుంది. మొత్తం 39 బోన్లు, 156 సీసాలు. సీసాకు 20 సెకన్లు పట్టినా ఒక విడత తూకానికి 52 నిమిషాలు. మనుషుల్ని ఈ లెక్క చూసి పెట్టుకోవాలి.

సామాజిక జీవిని ఒంటరిగా ఉంచడం మంచిది కాదు, కానీ ఎవరెంత తాగారో తెలియాలంటే వేరు చేయక తప్పదు. అందుకని పారదర్శక బోన్లను పక్కపక్కనే పెట్టాం, కొరకడానికి చెక్క ముక్క, గూడు కట్టడానికి కాగితం పేలికలు ఇచ్చాం. ఇవి తీసేస్తే ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి దానికదే తాగుడును మారుస్తుంది.

లైట్లు తిరగేశాం: ఉదయం 10కి ఆరిపోతాయి, రాత్రి 10కి వెలుగుతాయి. ఎలుకకు చీకటే పగలు. మన పని వేళలు దాని మెలకువ వేళలతో కలవాలంటే ఇదొక్కటే దారి. చీకట్లో పనికి ఎర్ర టార్చి. అలవాటు పడడానికి రెండు వారాలు ఇచ్చాం. ఈ రెండు వారాల్లో నీళ్లు, మేత, రోజూ చేతిలోకి తీసుకుని రెండు నిమిషాలు ఉంచడం, అంతే.

వారం 1: ద్రావణాలు

20 శాతం అంటే 200 మి.లీ. ఆల్కహాల్‌కు 800 మి.లీ. నీళ్లు కలపడం కాదు. రెండూ కలిస్తే ఘనపరిమాణం కుదించుకుపోతుంది, లీటరుకు సుమారు 18 మి.లీ. తక్కువొస్తుంది, గాఢత 20 దాటుతుంది. 200 మి.లీ. ఆల్కహాల్‌ను లీటరు వాల్యుమెట్రిక్ ఫ్లాస్కులో పోసి, గీతకు కాస్త కిందివరకు నీళ్లు పోయాలి. కలిపినప్పుడు వేడెక్కుతుంది కాబట్టి గది చల్లదనానికి వచ్చేదాకా ఆగి, అప్పుడు గీతదాకా నింపాలి. 95 శాతం స్పిరిట్ అయితే 200 బదులు 210.5 మి.లీ. తీసుకోవాలి. నీళ్లు ఆర్‌ఓవి. బోరు నీళ్లయితే నెల తిరిగేసరికి గొట్టం చివర సున్నం పేరుకుని గోళీ తిరగదు. వారానికి రెండుసార్లు కొత్తగా కలపాలి, ఎందుకంటే సగం ఖాళీ అయిన డబ్బాలో ఆల్కహాల్ ఆవిరై గాఢత పడిపోతుంది.

తూకం నుంచి ఆల్కహాల్‌కు మారే లెక్క గోడకు అంటించాం. 20 డిగ్రీల దగ్గర సాంద్రతలు 5 శాతానికి 0.991, 10కి 0.985, 20కి 0.974. అంటే సీసా బరువులో తగ్గిన ప్రతి గ్రాముకు శుద్ధ ఆల్కహాల్ వరసగా 0.040, 0.080, 0.162 గ్రాములు. "ఒక గ్రాము అంటే ఒక మి.లీ." అని లెక్కేస్తే 20 శాతం సీసాలో దాదాపు రెండున్నర శాతం తప్పు చేరుతుంది.

మూడు సీసాల ఆల్కహాల్‌నూ కూడి, ఎలుక బరువుతో భాగిస్తే కిలోకు ఇన్ని గ్రాములు అని వస్తుంది. ఆడ ఎలుకలు మగవాటికంటే కిలోకు ఎక్కువ తాగుతాయి, ఇది ఎప్పటినుంచో తెలిసిన సంగతే. కాబట్టి మగ, ఆడ సగటులను కలిపేసి చూస్తే మోసపోతాం.

వారాలు 2–3: కారే సీసా

ఖాళీ బోను పెట్టింది దీనికే. సీసా తీసేటప్పుడు, పెట్టేటప్పుడు నాలుగు చుక్కలు పడతాయి, రాత్రంతా మరికొన్ని పడతాయి. ఎలుక తాగనిది తాగినట్టు లెక్కలోకి వస్తుంది. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 300 గ్రాముల ఎలుక, 20 శాతం సీసా 312.6 నుంచి 306.2 గ్రాములకు దిగింది. తేడా 6.4. ఖాళీ బోనులో అదే సీసా 0.9 తగ్గింది. తీసేస్తే 5.5. ఆల్కహాల్ 0.89 గ్రా., కిలోకు 2.97. కారింది తీసేయకపోతే 3.46. ఔషధం చూపించే తేడా కూడా ఇంతే ఉండొచ్చు. అంటే సీసా మూత బిగింపే ఒక "ఔషధం"లా కనిపించే ప్రమాదం ఉంది.

రెండో వారంలో ఒక ఉదయం మూడు ఖాళీ బోన్లలోనూ కారుడు ఒక్కసారిగా పెరిగింది. రాత్రి కరెంటు పోయి జనరేటర్ ఎక్కింది కానీ ఏసీ తనంతట తాను తిరిగి మొదలవ్వలేదు. గది నాలుగు డిగ్రీలు వేడెక్కింది. సీసాలో ద్రావణం పైన ఉన్న గాలి వ్యాకోచించి ద్రవాన్ని గోళీ పక్కనుంచి బయటికి తోసింది. సగం ఖాళీ సీసాలు ఎక్కువ కారాయి, నిండువి తక్కువ. లోపల ఎంత గాలి ఉంటే అంత తోస్తుంది మరి. అప్పటినుంచి రెండు మార్పులు చేశాం. సీసా మూడొంతులకు తగ్గకముందే నింపడం ఒకటి. ఏసీకి కరెంటు వచ్చినప్పుడు తనే మొదలయ్యే రిలే పెట్టించి, గదిలో కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు నిలిపి చూపే థర్మామీటర్ పెట్టడం రెండోది. ఆ రోజు రీడింగ్‌ను కొట్టేయలేదు, పక్కన కారణం రాసి, లెక్కలోకి తీసుకోవద్దన్న గుర్తు వేశాం. డేటాను చెరపడానికి ఎవరికీ హక్కు లేదు, పక్కన పెట్టడానికి కారణం ఉండాలి.

రెండో రకం తప్పు సున్నా. ఒక బోనులో 10 శాతం సీసా రెండు రోజులు కదలలేదు. ఎలుక ఆ సీసాను మానేసిందనుకోబోయాం. గొట్టం తీసి చూస్తే, గోళీకి, గొట్టం పెదవికి మధ్య వరి ఊక నలుసు ఒకటి అడ్డంగా ఇరుక్కుని ఉంది. గోరుతో గీకితే ఊడి వచ్చింది, ఆవగింజలో సగం కూడా లేదు. ఇలాంటి నలుసే కాస్త పక్కకు ఇరుక్కుంటే గోళీ మూసుకోదు, రాత్రంతా ధారగా కారుతుంది. కింద ఊక తడిసి ఉంటుంది కాబట్టి అది తెలుస్తుంది. మూసుకుపోయిన గొట్టం మాత్రం తెలియదు. అందుకే ఇప్పుడు సీసా పెట్టిన ప్రతిసారీ వేలితో గోళీని తాకి, చుక్క వస్తోందా చూసి, రిజిస్టరులో టిక్కు కొట్టాలి. ఊకను జల్లెడ పట్టి దుమ్ము తీసేశాకే ఆటోక్లేవ్‌కు (ఆవిరితో క్రిములను చంపే యంత్రానికి) పంపుతున్నాం.

సీసాల స్థానం ప్రతి తూకానికీ ఒక గడి కుడికి జరుగుతుంది. ఎలుకకు మూల అంటే ఇష్టం. ఎప్పుడూ మూలనే ఉన్న సీసాను అది ఇష్టపడి తాగుతోందనుకుంటే తప్పు. ఎవరు జరిపినా ఒకే తీరు ఉండేలా, తేదీ చూసి పాటించే చిన్న పట్టిక ఒకటి ర్యాకుకు అంటించాం.

వారాలు 4–6

వారానికి మూడు తూకాలు. రోజూ కదిలిస్తే నిద్ర చెడుతుంది. ఎవరెంత తాగుతున్నారో స్థిరపడుతోంది. కొన్ని ఎక్కువ తాగుతాయి, కొన్ని అంతంతమాత్రం. తక్కువ తాగేవాటిని తీసేయడం లేదు. ఆ నిర్ణయం ముందే రాసిపెట్టాం, మధ్యలో మార్చేది లేదు.

బోనాల డప్పుల రోజున ఆ పూట తాగుడులో చిన్న పల్లం కనిపించింది. ఎలుక మనం వినలేని అతిధ్వనులు కూడా వింటుంది. మామూలు చప్పుడు తగ్గితే చాలనుకోకూడదు. మన చెవికి వినిపించని ఫ్యాన్ బేరింగ్ కీచు, ట్యూబ్‌లైట్ చోకు రొద కూడా లెక్కలోవే.

వారం 7: క్యాలెండర్

మొదట వేసుకున్నట్టు 8 వారాలు తాగించి, 2 వారాలు ఆపితే సీసా తిరిగి పెట్టే రోజు సరిగ్గా గణేశ్ నిమజ్జనం వారంలో పడుతోంది. ఊరేగింపు డీజేలు, బాణసంచా ఒకవైపు, నగరమంతా ట్రాఫిక్ ఆపేస్తే రాత్రి సూది వేసేవాళ్లు రాలేకపోవడం ఇంకోవైపు. ఎడబాటును పొడిగించడానికి లేదు, 14 రోజులన్నది పరీక్ష నియమం, దాన్ని మారిస్తే ఫలితమే వేరవుతుంది. తాగే కాలాన్ని పొడిగించడం మాత్రం సాధ్యమే. అందుకని 8 వారాలను 10 చేశాం. హైదరాబాద్‌లో ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లు కొనుగోలు జాబితాకంటే ముందు పంచాంగం చూసుకుని, సీసా తిరిగి పెట్టే రోజును ఖాయం చేసి, అక్కడినుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి.

వారం 10: సూదికి అలవాటు

ఎప్పుడూ సూది తెలియని ఎలుకకు మొదటిసారి పొడిస్తే ఆ రోజు తక్కువ తాగుతుంది, సూదిలో ఉన్నది ఉప్పునీళ్లే అయినా. ఈ కారణంగా సెలైన్ గుంపులో కూడా పెరుగుదల కనిపించకుండా పోవచ్చు. అందుకే చివరి వారం అన్నిటికీ సెలైన్ సూదులు వేసి అలవాటు చేశాం. ఈ వారం తూకం రోజూ. ఈ ఏడు రోజుల సగటే ఒక్కో ఎలుకకు దాని సొంత బేస్‌లైన్ (పోల్చుకోవడానికి మామూలు స్థాయి).

గుంపుల పంపకం: మగవాటిని, ఆడవాటిని విడిగా బేస్‌లైన్ ప్రకారం వరస పెట్టి, మూడేసి చొప్పున కట్టలు కట్టి, ఒక్కో కట్టలోంచి చీటీ తీసి మూడు గుంపులకు పంచాం. ఏ ర్యాకులోనూ, ఏ అరలోనూ ఒకే గుంపు పోగుపడకుండా చూశాం, ఎందుకంటే పై అరలో వెలుగు ఎక్కువ, కింద తక్కువ. చీటీల చిట్టా యానిమల్ హౌస్‌తో సంబంధం లేని మనిషి దగ్గర సీలు కవరులో ఉంది. మన చేతికి వచ్చేవి ఎ, బి, సి అని మాత్రమే రాసిన ఔషధ సీసాలే.

వారాలు 11–12: ఎడబాటు

నీళ్ల సీసా ఒక్కటే. ఖాళీ అయిన మూడు రంధ్రాలను స్టీల్ బిళ్లలతో మూశాం, లేకపోతే తల దూర్చి బయటికి వస్తాయి. మొదటి రెండు రోజులు ఉదయం, సాయంత్రం చూడాలి: వణుకు, తోక బిగుసుకోవడం, ముట్టుకుంటే ఉలిక్కిపడడం. ఇష్టప్రకారం తాగే ఈ మోడల్‌లో తీవ్రమైన లక్షణాలు అరుదు. తీవ్రమైన ఆధారపడే స్థితి కావాలంటే ఆల్కహాల్ ఆవిరి గదిలో రోజుకు 14 గంటలు ఉంచి, రక్తంలో డెసిలీటరుకు 150 నుంచి 250 మి.గ్రా. నిలబెట్టాలి. అది ఎలుకకు చాలా కష్టం. మన ప్రశ్నకు అంత అవసరం లేనప్పుడు అది చేయడం తప్పు.

ఒళ్లు తగ్గలేదు. నీళ్లు, మేత మామూలే.

ఔషధాలు కలిపే పని ఈ వారంలోనే. నాల్ట్రెక్సోన్ హైడ్రోక్లోరైడ్ కిలోకు 1 మి.గ్రా., చర్మం కింద, కిలోకు 1 మి.లీ. మోతాదు హైడ్రోక్లోరైడ్ కలిసిన లవణానికా, అది లేని మూలరూపానికా అన్నది ముందే రాసుకోవాలి. లవణం అణుభారం 377.9, మూలరూపానిది 341.4. పట్టించుకోకపోతే పది శాతం తేడా వస్తుంది. మనం లవణంగానే లెక్కించాం. పది ఎలుకలకు మూడు రోజులకు కావలసింది 9 మి.గ్రా. మాత్రమే. 0.1 మి.గ్రా. వరకు చూపే తక్కెడ లేకపోతే ఎక్కువ తూచి పలుచన చేసుకోవాలి.

అకాంప్రొసేట్ కాల్షియం కిలోకు 200 మి.గ్రా., పొట్టలోకి, కిలోకు 5 మి.లీ., అంటే మి.లీ.కి 40 మి.గ్రా. నీటిలో తేలిగ్గా కరుగుతుంది. పీహెచ్ 7 దగ్గర ఉందో లేదో చూసి, 0.22 మైక్రాన్ ఫిల్టర్ పట్టి, ఏ రోజుది ఆ రోజు కలపాలి. 300 గ్రాముల ఎలుకకు 1.5 మి.లీ. ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే వేస్తే పొట్ట బిగుసుకుంటుంది. ముందు 37 డిగ్రీల నీళ్లలో ఉంచాలి. 26 గేజి సూది, ఎలుక తల కాస్త కిందికి వంచి, పొట్ట కింది భాగంలో కుడి పక్క ఒకసారి, ఎడమ పక్క ఒకసారి.

ఎవరికి ఏది పడుతోందో సూది చోటును బట్టి తెలిసిపోకూడదు. కాబట్టి అందరికీ రెండు చోట్లా సూదులే, తమది కాని చోట సెలైన్.

పదిహేనో రోజు

ముందు రాత్రి 9:30కి పొట్టలో మొదటి సూది. ఉదయం 9:30కి రెండు సూదులు. 10కి లైట్లు ఆరాయి, సీసాలు దిగాయి. 1, 2, 4, 24 గంటలకు తూకం.

ఈ వేళలు ఊరికే పెట్టినవి కావు. ఎలుక శరీరంలో నాల్ట్రెక్సోన్ కొద్ది గంటలే పనిచేస్తుంది. 24 గంటల లెక్క ఒక్కటే చూస్తే, ఉదయం తగ్గిన తాగుడును రాత్రి తాగుడు కప్పేస్తుంది, "ఔషధం పనిచేయలేదు" అని రాసేస్తాం. అలాగని రోజంతా శరీరంలో ఉండేలా పంపు అమర్చితే సరిపోతుందా అంటే, నాల్ట్రెక్సోన్‌తో మ్యూ ఓపియాయిడ్ గ్రాహకాలను (మెదడులో ఆనంద సంకేతాలను అందుకునేవి, ఈ ఔషధం మూసేది వీటినే) అదేపనిగా మూసి ఉంచితే అవి సంఖ్యలో పెరుగుతాయి, అదో కొత్త చిక్కు. ఔషధం ఎప్పుడు ఇచ్చామన్నది ఎంత ఇచ్చామన్నదానితో సమానమైన ప్రశ్న.

ఎర్ర వెలుగులో నలుగురు కలిసి 156 సీసాలు తూచారు. ఒకటో గంట తూకాన్ని 52 నిమిషాలు చేస్తే మొదటి బోనుకు, చివరి బోనుకు మధ్య దాదాపు గంట తేడా వస్తుంది. అందుకే ర్యాకుల వారీగా 20 నిమిషాల ఎడంతో సూదులు, సీసాలు మొదలుపెట్టి, తూకాలనూ అదే ఎడంతో నడిపాం.

రక్తం విడి 6 ఎలుకలనుంచే, సీసా పెట్టిన గంటకు, తోక రక్తనాళం నుంచి చుక్కలు. తోకను గోరువెచ్చని నీళ్లలో ఉంచితే రక్తనాళం తేలుతుంది. నమూనా గొట్టానికి వెంటనే మూత బిగించి ఐసులో పెట్టాలి. మూత తెరిచి ఉంచితే ఆల్కహాల్ కొంత ఎగిరిపోతుంది. ఆల్కహాల్ డీహైడ్రోజినేస్ ఎంజైముతో, 340 నానోమీటర్ల దగ్గర రీడింగ్. తాగిన లెక్కకు, రక్తంలో ఉన్న లెక్కకు పొంతన కుదిరితేనే సీసా లెక్కను నమ్మగలం. ఆరింటిలో ఒకదానికి కుదరలేదు: సీసా చాలా తగ్గింది, రక్తంలో ఆల్కహాల్ లేదు, కింద ఊక తడి. కారిన సీసా అన్నమాట.

వారం 13: ఔషధం ఇంకేం చేసింది

సీసా తగ్గడం ఒక్కటే చూసి సంతోషపడితే పని సగమే అయినట్టు. నీళ్లు, మేత తూకాలు ఎలాగూ ఉన్నాయి. ఓపెన్ ఫీల్డ్ పెట్టెలో (ఎలుక తిరగడానికి వదిలే ఖాళీ పెట్టె) 10 నిమిషాల నడక చూశాం. తర్వాత ఆల్కహాల్ బదులు 5 శాతం చక్కెర నీళ్లు పెట్టి అవే ఔషధాలు, అవే మోతాదులు.

చక్కెర పరీక్ష విషయంలో జాగ్రత్త. నాల్ట్రెక్సోన్ తీపి మీద ఇష్టాన్ని కూడా కొంత తగ్గిస్తుంది, ఎందుకంటే రుచిలోని ఆనందం కూడా ఓపియాయిడ్ దారిలోనే నడుస్తుంది. దాన్ని చూసి ఔషధం పనికిరాదనడం తొందరపాటు. నీళ్లు, నడక మామూలుగా ఉండి తీపి మాత్రమే తగ్గితే అది ఆ ఔషధం స్వభావం. నీళ్లు కూడా తగ్గితే మాత్రం మళ్లీ మోతాదు దగ్గరికి వెళ్లాలి.

కవరు విప్పాక

ముందే రాసుకున్న ప్రధాన కొలత ఒక్కటే: మొదటి 24 గంటల్లో తాగిన ఆల్కహాల్, ఆ ఎలుక సొంత బేస్‌లైన్‌తో పోల్చి. అది చూశాకే మిగతావి.

సెలైన్ గుంపు బేస్‌లైన్ దాటింది. ఇది రాకపోతే మిగతా రెండు గుంపుల గురించి మాట్లాడటానికే ఏమీ లేదు. ఎంత తాగాయన్నదే కాదు, ఏ సీసా తాగాయన్నది కూడా మారింది. 20 శాతం వైపు మొగ్గాయి. అకాంప్రొసేట్ గుంపులో ఆ పెరుగుదల 24 గంటల లెక్కలోనే అణగింది. నాల్ట్రెక్సోన్ గుంపు మొదటి నాలుగు గంటల్లో తక్కువ తాగింది, 24 గంటల లెక్కలో ఆ తేడా దాదాపు కలిసిపోయింది. ప్రధాన కొలత 24 గంటలదే కాబట్టి నివేదికలో నాల్ట్రెక్సోన్‌ను "తేడా చూపలేదు" అనే రాస్తున్నాం, నాలుగు గంటల సంగతి దాని కింద విడిగా. అంకెలు చూశాక కొలతను మార్చుకుంటే అది పరీక్ష కాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎలుకలో పనిచేసిందంటే మనిషిలో పనిచేస్తుందని కాదు. ఒత్తిడితో మళ్లీ తాగుడుకు దిగే ఎలుకల్లో సీఆర్‌ఎఫ్1 గ్రాహకాన్ని (మెదడులో ఒత్తిడి సంకేతాన్ని అందుకునేది) మూసే ఔషధాలు బాగా పనిచేశాయి. అదే కుటుంబానికి చెందిన పెక్సాసెర్ఫాంట్, వెరుసెర్ఫాంట్ మనుషుల దగ్గరికొచ్చేసరికి ఆశించిన ఫలితం ఇవ్వలేదు. మనిషి తాగుడులో ఇల్లు, అప్పు, కూలి, స్నేహితులు, వీధి చివర దుకాణం ఉంటాయి. 2020 మార్చి లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం ఎలా పోటెత్తారో ఈ నగరం చూసింది. బోనులో మనం కొలిచేది అందులో చిన్న ముక్కే. ఆ ముక్కనైనా తప్పులేకుండా కొలవాలి, ఎందుకంటే దాని మీద ఆధారపడి ఎవరో ఒకరు రేపు మాత్ర మింగుతారు.

తర్వాతి విడత

అకాంప్రొసేట్ కాల్షియంలో పనిచేసేది అకాంప్రొసేటా, దానితో వచ్చిన కాల్షియమా? 2014లో జర్మన్ పరిశోధకుడు ష్పానాగెల్ బృందం కాల్షియమే అని వాదించింది. సోడియం లవణంతో వాళ్లకు ఆ ఫలితం రాలేదు. అది తేల్చాలంటే నాలుగో గుంపు కావాలి, అంతే కాల్షియం వేరే రూపంలో ఇచ్చేది. 200 మి.గ్రా. అకాంప్రొసేట్ కాల్షియం అంటే అర మిల్లీమోల్, అందులో కాల్షియం 20 మి.గ్రా. కాల్షియం క్లోరైడ్ పొట్టలో మంట పుట్టిస్తుంది, వద్దనుకున్నాం. కాల్షియం గ్లూకోనేట్ అయితే కిలోకు 215 మి.గ్రా. కావాలి. 5 మి.లీ.లో ఇవ్వాలంటే మి.లీ.కి 43 మి.గ్రా. మామూలు గది ఉష్ణోగ్రత దగ్గర అంత కరగదు. వేడిచేసి కరిగిస్తే కరుగుతుంది, చల్లారగానే సిరంజి అడుగున తెల్లటి పలుకులు కనిపిస్తాయి. కిలోకు 10 మి.లీ. చేస్తే కరుగుతుంది కానీ పొట్టలోకి ఒకసారి ఇవ్వగలిగే పరిమితి అదే, రోజుకు రెండుసార్లంటే ఎక్కువ. మోతాదును సగం చేసి అకాంప్రొసేట్‌ను కూడా 100 మి.గ్రా.కు దించి పోల్చడమా, లేక గ్లూకోనేట్‌ను 10 మి.లీ. చొప్పున ఇస్తూ మిగతా గుంపులన్నిటికీ అంతే పరిమాణం ఇవ్వడమా అన్నది కమిటీ ముందు పెడుతున్నాం. మా మొగ్గు మొదటిదానివైపే. ఎలుక పొట్టలోకి అవసరానికి మించి ఒక్క మి.లీ. కూడా పోకూడదు. ఫారం బిలో సవరణ తయారైంది. కొత్త సీసాల గొట్టాలకు గోళీ కొంచెం పెద్దదిగా ఉన్నవి పది నమూనాకు తెప్పించాం. ఖాళీ బోనులో వారం రోజులుగా వేలాడుతున్నాయి, కారుడు రోజూ రాస్తున్నాం.